వానల తరువాత కనిపించే సున్నా

చిరంజీవి శైలజకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

చెన్నై వాషర్‌మెన్‌పేటలో మూతపడిన పెట్రోల్ బంకు స్థలాన్ని శుభ్రం చేసే బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పగానే నాకెంతో గర్వం కలిగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆ వీధుల్లో ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి, నేల కింద సంపులు ఉంటాయి, నీరు తక్కువ లోతులోనే తగులుతుంది.

ట్యాంకులను ఖాళీ చేయించి, లోపలి ఆవిరి పూర్తిగా పోయాకే పైకి తీయించడం, అనుమతులు తీసుకోవడం, కాలుష్య నియంత్రణ మండలికి తెలియజేయడం నీకు తెలిసిన పనులే. ట్యాంకులతో పాటు పైపుల అతుకులను కూడా తవ్వి చూడు.

అయితే వీటన్నిటికంటే ముందు చుట్టుపక్కల ఇళ్ళ తలుపు తట్టు. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది కాబట్టి సంపుల్లోకీ బావుల్లోకీ దిగి అక్కడే నిలిచిపోతుంది. గాలిలో అది సుమారు 1.4 శాతం చేరితే చాలు, మోటారు స్విచ్చి నిప్పురవ్వకే అంటుకుంటుంది. గ్యాస్ మీటరుతో చూడకుండా ఏ కూలీనీ బావిలోకి దిగనివ్వవద్దు. మనుషులతో మాట్లాడవలసిన పనిని వాయిదా వేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు, అది ఇక్కడ పనికిరాదు. తమిళం తడబడినా ఫరవాలేదు, నువ్వే స్వయంగా వెళ్ళి మాట్లాడు. 2013లో పక్కనే ఉన్న తండయార్‌పేటలో భూగర్భ పైపులైను కారి ఇళ్ళ బోరు నీళ్ళలో ఇంధనం కలిసినప్పుడు గోడు చెప్పుకొన్నది ఆ నీళ్ళు తోడుకొనే ఇంటివాళ్ళే.

వాసన లేదు కాబట్టి నీళ్ళు మంచివేనని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పెట్రోలులో ఉండే బెంజీను అనే విషానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంత కొద్దిపాటి బెంజీను ముక్కుకు తెలియదు. కాచి తాగమని కూడా చెప్పనివ్వవద్దు. కాస్తే ఆ విషం ఆవిరై వంటింట్లోనే తిరుగుతుంది. ఆ ఇళ్ళకు వేరే నీళ్ళు అందేలా చూడు.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచుకొన్న సంగతి. చాలా ఏళ్ళ క్రితం, సముద్రానికి దగ్గరలో, ఇసుక నేల మీద ఉన్న ఒక బంకులో ట్యాంకు కారింది. శుభ్రం చేయడానికి ఒప్పుకొన్న కంట్రాక్టరు వేసవి అంతా బావుల మీద తేలిన పెట్రోలును తోడించాడు. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక డిసెంబరులో కొలిపిస్తే ఏ బావిలోనూ పెట్రోలు పొర కనబడలేదు. పని పూర్తయిందని నివేదిక వ్రాసి, గొయ్యి పూడ్చి వెళ్ళిపోయాడు. ఆ మాట నమ్మి, వెనుక ఇంట్లో ఉండే దర్జీ కుటుంబం మళ్ళీ బావి నీళ్ళతో పిల్లలకు స్నానాలు చేయించడం మొదలుపెట్టింది. మే నెలలో ఆ బావి మీద పెట్రోలు తిరిగి తేలింది. పరీక్షించడానికి పిలిస్తే వెళ్ళిన నన్ను ఆ ఇల్లాలు అడిగింది: "మీవాళ్ళే కదా బాగైందన్నారు?" ఇంటికి వెళ్ళాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

జరిగింది ఇది. పెట్రోలు నీటికంటే తేలిక కాబట్టి భూగర్భ జలమట్టం మీద తేలుతుంది. వానలకు మట్టం లేచినప్పుడు అది మొత్తం పైకి రాదు. చాలా భాగం ఇసుక రేణువుల సందుల్లో చిన్న చిన్న బొట్లుగా చిక్కుకొని, చుట్టూ నీరు కమ్ముకోవడంతో కదలలేక ఉండిపోతుంది. బావిలోకి రాదు గనుక కొలతలో సున్నా కనబడుతుంది. వేసవిలో మట్టం దిగగానే ఆ బొట్లు విడివడి, మళ్ళీ కలిసి బావికి చేరుతాయి. అందుచేత మట్టం లేచి దిగిన ఎత్తంతటా మట్టి నమూనాలు తీయించు, నీటిలో కరిగిన బెంజీనును వేరుగా పరీక్ష చేయించు, కనీసం రెండు వేసవులు చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టవద్దు. తొందరపెట్టేవాళ్ళు వస్తారు, స్థలానికి కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడంటారు. నువ్వు మెత్తని దానివి, నా భయమంతా అక్కడే.

భూగర్భ నీటిలోకి గాలి పంపి పెట్రోలును ఆవిరిగా వెళ్ళగొట్టే పద్ధతి పెట్టదలిస్తే, పైనున్న మట్టిలోంచి ఆవిరిని లాగే యంత్రం ముందు నడవాలి. లేకపోతే ఆ ఆవిరిని పొరుగిళ్ళలోకి మనమే తోసినట్లవుతుంది. నీరు సముద్రం వైపే పోతుందని అనుకోకు, వేసవిలో ఇళ్ళ మోటార్లు లాగే వైపుకూ మళ్ళుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, సూక్ష్మజీవులు ముందు దానినే తిని నేలలోని ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. దానితో బెంజీను తరగక ఇంకా దూరం పోవచ్చు. పరిశీలన బావులను ఆ లెక్కన మరికొంత దూరంలో కూడా వేయించు.

గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు తల్లీ, ఆవిరిని పీల్చుకొనే బొగ్గు డబ్బా ఉన్న మాస్కే వాడు. బెంజీను ఎముక మజ్జను దెబ్బ తీస్తుంది, రక్త క్యాన్సరు తెస్తుంది. నీకూ నీ కూలీలకూ ఏటా రక్తపరీక్ష చేయించు, ఖర్చు ఎవరు పెట్టాలన్న వాదన తరువాత చూసుకోవచ్చు. మొదటి మే నెల కొలతలు చేతికి రాగానే, ఎంత రాత్రైనా సరే, నాకు ఫోను చెయ్యి.

నీ పెదనాన్న