రాజోలు "రజల" అయిపోతుంటే

చిరంజీవి అబ్బాయికి,
పెదనాన్న ఆశీస్సులు.

నీ ఊళ్ల పట్టిక చూశాను. రాజోలు "రజల", కొత్తపేట "కతతపట" అయ్యాయి. ఫాంట్లు మారుస్తూ కూర్చోకు. గుణింతాలు తెర మీద కనబడకపోవడం కాదురా, డేటాలోనే లేవు.

తిరకాసంతా పైథాన్‌తో వచ్చే, నమూనా ఇస్తే రాతలో సరిపోలేవి వెతికే "ఆర్ఈ" లైబ్రరీది. అందులో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరం, అంకె, అండర్‌స్కోర్, అంతే. ర, జ అక్షరాలే గానీ దీర్ఘం, కొమ్ము, పొల్లు, చివరికి సున్నా కూడా ప్రతి గుర్తుకూ ఒక కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో "మార్కు" వర్గం. వాటిని అది పదంలో కలపదు. 2007లోనే ఈ లోపం పైథాన్ బగ్‌ల పట్టికకెక్కింది. "అమలాపురం"లో పదాలు వెతకమంటే "అమల", "ప", "ర" అని మూడు ముక్కలిస్తుంది. నువ్వు కామాలు తీసేద్దామని దానికి చిక్కనివన్నీ పట్టే పెద్ద డబ్ల్యూ వాడావు. కామాలతోపాటు గుణింతాలూ ఊడ్చుకుపోయాయి.

పోయినవి మళ్లీ అతికించలేం. రాజు, రోజా రెండూ "రజ" అయ్యాక ఏది ఏదో చెప్పగలవా? అసలు ఫైలు నుంచే మొదలుపెట్టు, శుభ్రం చేసిన పేరు వేరే కాలమ్‌లో ఉంచు.

"రెజెక్స్" అనే బయటి లైబ్రరీ పిప్ అనే ఇన్‌స్టాలర్‌తో వేసుకో. దాని డబ్ల్యూ మార్కులనూ కలుపుకుంటుంది, ఫంక్షన్ల పేర్లు దాదాపు పాతవే. సర్వర్‌లో వేయనివ్వకపోతే చదరపు బ్రాకెట్లలో చిన్న డబ్ల్యూ పక్కన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా ఉన్న తెలుగు కోడ్‌ల వరుస చేర్చు. 200సీ కూడా మరవకు. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య కనబడకుండా కూర్చునేది అదే. తీసేసే చోటైతే ఆ బ్రాకెట్ల మొదట "ఇవి తప్ప" అని చెప్పే టోపీ గుర్తు, లోపల బ్యాక్‌స్లాష్ ఎస్ ఉండాలి, లేకపోతే ఖాళీలూ పోతాయి.

ఆర్ఈలో పదం అంచు చూసే బ్యాక్‌స్లాష్ బీ ఇంకా మోసం చేస్తుంది. వాక్యం మధ్యలో ఉన్న "కడియం" పూర్తి పదంగా వెతికితే దొరకదు, "కడియ" అని వెతికితే దొరుకుతుంది! సున్నాకీ ఖాళీకీ మధ్య దానికి అంచు కనబడదు, యకూ సున్నాకూ మధ్య కనబడుతుంది. అందుకని బీ తీసేసి, ముందూ వెనకా తెలుగు వరుసలోది ఏదీ ఉండకూడదని లుక్‌ఎహెడ్, లుక్‌బిహైండ్ రాయి.

లేబుల్‌కి పేరు కుదించేటప్పుడు స్లైస్ చేయకు. ద్రాక్షారామం మనకు నాలుగక్షరాలు, పైథాన్‌కి 12 కోడ్‌లు. ఆరు దగ్గర కోస్తే "ద్రాక్" మిగులుతుంది. రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్‌తో, అంటే కంటికి కనబడే అక్షరాల లెక్కన, ముక్కలు చెయ్యి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందు నియమాలైతే "క్షా"ని కూడా పొల్లు దగ్గర విడగొడతాయి. ముక్క పొల్లుతో ముగిసి, తర్వాతిది హల్లుతో మొదలైతే రెంటినీ కలిపెయ్యి.

పోల్చే ముందు రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (ఒకే అక్షరపు వేర్వేరు కోడ్ రూపాలను ఒకటి చేసే పద్ధతి) చేయడం తప్పనిసరి. వైనతేయ నది పేరులోని ఐత్వం ఒక ఫైల్లో ఒకే కోడ్‌గా, ఇంకో ఫైల్లో రెండుగా ఉండొచ్చు.

ఈ అయిదు ఊళ్ల పేర్లతో, వైనతేయ పేరుతో టెస్టులు రాసి, అవి నెగ్గాకే మొత్తం పట్టిక మీద నడుపు.

మీ పెదనాన్న