ఖాళీ సంపాదకీయంతో మొదలుపెట్టకు

హైదరాబాద్

అమ్మాయీ,

ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా మీద నువ్వు పంపిన ముప్పై పేజీలూ రెండుసార్లు చదివాను. 1975 జూన్ 28న, ఎమర్జెన్సీ సెన్సార్‌కు నిరసనగా, ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో సంపాదకీయం ఉండాల్సిన చోటు ఖాళీగా వచ్చిన పొద్దుతో మొదలుపెట్టావు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అదే నా భయం కూడా. మొదటి పేజీలోనే దండం పెట్టించేస్తే, తర్వాత నువ్వేం చెప్పినా పాఠకుడి చెవికెక్కదు.

1971లో విదిశ నుంచి జనసంఘ్ టికెట్ మీద లోక్‌సభకు గెలిచి ఆయన రాజకీయాల్లోకి 'ప్రవేశించారు' అన్నావు. ఆ మాట కొట్టెయ్. రాజ్యాంగ సభలోనే ఆయన సభ్యుడు. అంతకు ముందే, 1942లో, బ్రిటిష్ సెన్సార్‌కు తలవంచి నడపడం ఇష్టంలేక పత్రికనే ఆపేశారు. అది రాజకీయం కాక మరేమిటి?

నీ పేజీల్లో అసలు లేనిది 1958 నాటి సుప్రీంకోర్టు తీర్పు. వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చి, వేజ్ బోర్డు జీతాలు ఖరారు చేస్తే, ఎక్స్‌ప్రెస్ సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇది పత్రికా స్వేచ్ఛకు దెబ్బ అని వాదించింది. చట్టం చాలావరకు నిలబడింది, బోర్డు నిర్ణయాన్ని మాత్రం కోర్టు కొట్టేసింది. మరుసటి ఏడు కార్మికులతో గొడవ ముదిరి మద్రాసులో ప్రచురణ మూతపడింది. ఆయన తెలుగు దినపత్రిక ఆంధ్రప్రభ బెజవాడ చేరింది. 1942, 1958, 1975. మూడుసార్లూ స్వేచ్ఛ అనే మాటే. ఎవరి ఎదుట నిలబడి, ఎవరి కోసం అన్నారో ఒక్కొక్కటీ విడిగా చూపించు. నడిమిది దాచావంటే పుస్తకం మొత్తం అబద్ధమవుతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నేను ఓ పత్రిక డెస్కులో చేరిన కొత్తలో మూడు నెలలు జీతం రాలేదు. అద్దె అడుగుతారని దొడ్డిదారిన ఇంట్లోకి వెళ్లేవాణ్ణి. ఆ రోజుల్లోనే మా యజమాని ప్రభుత్వం మీద నిప్పులు చెరుగుతూ సంపాదకీయాలు రాసేవారు. ప్రూఫులు దిద్దింది నేనే. తడి ఆరని ఆ గ్యాలీ కాగితం మీద ప్రతి వాక్యమూ నిజం. ఆయన నమ్మే రాశారు. మా ఇంట్లో బియ్యం నిండుకున్నదీ నిజమే. ఆయన గురించి ఎప్పుడు రాయబోయినా, ఆ రెంటిలో ఒకటి వదిలేస్తేనే వాక్యం సాఫీగా నడిచేది. అందుకే ఇప్పటిదాకా రాయలేకపోయాను. నువ్వు రాయగలవు.

మనవాళ్ల ఇంటర్వ్యూలు తర్వాత చేసుకుందువు గానీ, ముందు అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి 1959 నాటి తెలుగు పత్రికల ఫైళ్లు ఉన్నాయేమో అడుగు. దొరికితే గబగబా తిప్పకు. పాత కాగితం, అంచులు పొడిపొడిగా రాలతాయి. రెండు చేతులతో ఎత్తి తిప్పాలి. సమ్మె వార్త ఎన్నో పేజీలో, ఎన్ని అంగుళాల్లో వేశారో కొలిచి రాసుకో. స్కేలు మర్చిపోకు. సోమవారం పదింటికల్లా వెళ్లు, వీలైతే నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ బాబాయ్