డిస్కస్ పక్కన అబౌట్ ఎందుకు కూర్చోదు?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. ఇంగ్లీషు క్రియ పక్కన ఏ చిన్న మాట పెట్టాలి, ఎక్కడ అసలు పెట్టకూడదు అని. టు, ఫర్, ఆన్, విత్, అబౌట్... చూడ్డానికి చీమంత, కుట్టినప్పుడు తెలుస్తుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. మొన్న ఇంటర్వ్యూలో ‘వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అన్నాను. ఎదురుగా కూర్చున్నాయన నవ్వి, ‘ఆ అబౌట్ తీసెయ్యమ్మా’ అన్నారు. ఆ తర్వాత టెన్షన్‌లో నోట మాట రాలేదు. తెలుగులో ‘ప్రాజెక్టు గురించి చర్చించాం’ అనే కదా అంటాం, మరి తప్పేముంది సార్?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: నవ్వడం ఆయన తప్పు, అబౌట్ నీ తప్పు. లెక్క సరిపోయింది కాబట్టి బాధపడకమ్మా.

జరిగిందేమిటంటే, తెలుగులో ఉన్న ‘గురించి’ని నువ్వు అలాగే ఎత్తుకుపోయి ఇంగ్లీషులో దింపావు. టాక్ అబౌట్, స్పీక్ అబౌట్, థింక్ అబౌట్ అన్నీ చెల్లుతున్నాయి కాబట్టి డిస్కస్ అబౌట్ కూడా చెల్లుతుందనుకుంటాం. చెల్లదు. డిస్కస్ అన్న మాటలోనే ‘దాని గురించి మాట్లాడటం’ అన్న అర్థం ఉంది, దానికి మళ్లీ అబౌట్ తగిలిస్తే సంగటిలోకి సంగటే నంజుకున్నట్టు ఉంటుంది. ‘వి డిస్కస్డ్ ద ప్రాజెక్ట్’, అంతే.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది ఇంగ్లీషు టీచర్లు కూడా దీన్ని చెప్పకుండా దాటేస్తారు. అదే మాట నామవాచకం అయిందంటే అబౌట్ తిరిగొచ్చి కూర్చుంటుంది. ‘వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాజెక్ట్’ అన్నావనుకో, ఎవరూ వంక పెట్టలేరు. హోటల్లో ‘ఐ ఆర్డర్డ్ టూ దోసాస్’ అనాలి, మధ్యలో ఫర్ రాకూడదు. కానీ ‘ఐ ప్లేస్డ్ యాన్ ఆర్డర్ ఫర్ టూ దోసాస్’ అంటే ఫర్ ఉండాల్సిందే. రిక్వెస్ట్, డిమాండ్ కూడా ఈ బాపతే. నామవాచకం పక్కన విన్న ఫర్ మన చెవిలో ఉండిపోతుంది, క్రియ వాడేటప్పుడు దాన్నే తెచ్చి అతికిస్తాం. మన తప్పుల్లో చాలావరకు పుట్టేది ఇక్కడే అని నా అభిప్రాయం, తెలుగును తిట్టుకోవడం దండగ.

అలాగని తెలుగు ప్రభావం లేదనడం లేదు. ‘గుత్తికి చేరాం’లో ఉన్న ‘కి’ వల్ల ‘రీచ్డ్ టు గుత్తి’ అంటాం. టు అక్కర్లేదు, ‘రీచ్డ్ గుత్తి’ చాలు. కానీ రీచ్ తీసేసి గో పెట్టావా, ‘వెంట్ టు గుత్తి’ అనాలి. అరైవ్ పెడితే టు పనికిరాదు, ‘అరైవ్డ్ ఎట్ గుత్తి జంక్షన్’, ‘అరైవ్డ్ ఇన్ అనంతపూర్’. రైలు అదే, దిగే మనిషీ అదే, క్రియ మారేసరికి పక్కన ఉండేది మారిపోయింది. గదిలోకి వెళ్లినా అంతే, ‘ఎంటర్డ్ ద రూమ్’. ఒప్పందం చేసుకుంటే మాత్రం ‘ఎంటర్డ్ ఇంటు యాన్ అగ్రిమెంట్’.

ఇదేం అన్యాయం అనిపిస్తోందా? మన భాషను కొత్తగా నేర్చుకునేవాడి తిప్పలు కూడా చూడు. ‘నన్ను అడిగాడు’ అంటాం, ‘నాకు చెప్పాడు’ అంటాం. అడిగితే నన్ను, చెబితే నాకు, ఎందుకట? మనకెవరూ సూత్రం చెప్పలేదు, ఇంట్లో విని విని వచ్చేసింది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి ఇక్కడే తెలుగు మీద పడి, తర్వాత నిఘంటువులు కూర్చిన సి.పి. బ్రౌన్‌కు ఇదే తంటా తిరగేసి ఎదురై ఉంటుంది. ఇంగ్లీషులో ‘టోల్డ్ మి’, ‘ఆస్క్‌డ్ మి’ అంటారు, ‘సెడ్ టు మి’ అంటారు. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అని మన కాలేజీల్లో రోజూ వినిపించే మాట అసలు లేదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి’ అనాలి.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. ఫ్రేజల్ వెర్బ్స్, అంటే పక్కన చిన్న మాట చేరి అర్థం మారిపోయే క్రియల పుస్తకం ఒకటి కొన్నాను, 500 ఉన్నాయి అందులో. రోజుకు పది చొప్పున బట్టీ పట్టిస్తున్నా. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, లుక్ ఇంటు, లుక్ అప్ అన్నీ కలిపేస్తోంది. ఇంకో దారి ఉందా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ముందు ఆ పుస్తకం అటక మీద పెట్టండి. ఒకే పోలికతో ఉన్న నలుగురు అక్కచెల్లెళ్లను ఒకే పూట పరిచయం చేస్తే ఎవరి పేరు ఎవరిదో మీకు మాత్రం గుర్తుంటుందా? లుక్‌లన్నీ ఒకే రోజు నేర్పకూడదు. ఈ వారం ఒక్క ‘లుక్ ఫర్’ చాలు, ఇంట్లో తాళాలు కనపడనప్పుడల్లా ‘ఐ యామ్ లుకింగ్ ఫర్ ద కీస్’ అని మీరే అనండి. తమ్ముణ్ని చూసుకోమని చెప్పాల్సి వచ్చినప్పుడు ‘లుక్ ఆఫ్టర్’ వస్తుంది. డిక్షనరీ తీసిన రోజు ‘లుక్ ఇట్ అప్’.

అర్థం ఎందుకలా మారుతుందని పాప అడిగితే మన ‘కొట్టు’ను చూపించండి. పెన్ను కొట్టేశాడు, మన మాట కొట్టిపారేశాడు, వానకు వంతెన కొట్టుకుపోయింది. మూడింట్లోనూ ఎవరూ ఎవర్నీ కొట్టలేదు! ఇంకొకటి, ఇది నాకు భలే ఇష్టం: ఇంగ్లీషులో ‘అప్’ చాలాసార్లు మన ‘ఏయ్’ చేసే పనే చేస్తుంది. తిను అంటే ఈట్, తినేయ్ అంటే ఈట్ అప్. తాగేయ్, డ్రింక్ అప్. పని పూర్తిగా అవ్వాలన్న ఒత్తిడి రెండింట్లోనూ ఉంది. రేపు పొద్దున ఉగ్గాని పెట్టి ‘ఈట్ అప్’ అనండి, జన్మలో మర్చిపోదు. ‘గెట్ అప్’ లాంటివి మాత్రం ఈ లెక్కలోకి రావు, అక్కడ అప్ అంటే నిజంగా పైకే.

ప్రశ్న: నాది సెల్‌ఫోన్ రిపేరు షాపు. కస్టమర్‌తో ‘స్విచ్ ఆఫ్ ఇట్’ అన్నాను, ‘స్విచ్ ఇట్ ఆఫ్’ అనాలన్నాడు. అయితే ‘వెయిట్ ఫర్ ఇట్’ను కూడా ‘వెయిట్ ఇట్ ఫర్’ అనాలా అన్నా?
– ఒక మెకానిక్, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: భలే పట్టుకున్నావ్ తమ్ముడూ. కస్టమర్ చెప్పింది కరెక్టే, కానీ నీ రెండో వాక్యానికి ఆ సూత్రం వర్తించదు. స్విచ్ ఆఫ్‌లో ‘ఆఫ్’ క్రియలో సగం. దాన్ని తీసేస్తే పని ఏమిటో తెలియదు, ఫోన్ ఆపాలా పెట్టాలా? ఇలాంటివాటికి ఫోన్ అన్న మాటను ఎటైనా పెట్టుకోవచ్చు: ‘స్విచ్ ఆఫ్ ద ఫోన్’ సరే, ‘స్విచ్ ద ఫోన్ ఆఫ్’ కూడా సరే. ఇట్, హిమ్, దెమ్ లాంటి పొట్టి మాట వస్తే మాత్రం మధ్యలో ఇరుక్కోవాల్సిందే. వెయిట్ ఫర్‌లో ‘ఫర్’ వేరే రకం, అది వెనకొచ్చే మాటను పట్టుకుని ఉంటుంది, మన ‘కోసం’ లాగా. దాన్ని విడదీయలేం.

ఏది ఏ రకమో తెలియాలంటే పైకి పలికి చూడు. ‘స్విచ్ ఇట్ ఆఫ్’లో గొంతు ఆఫ్ మీద ఒత్తుతుంది. ‘వెయిట్ ఫర్ ఇట్’లో వెయిట్ మీద ఒత్తి, ఫర్‌ను నమిలేస్తాం. చాలావాటికి ఈ చిట్కా పనిచేస్తుంది, ఆఫ్టర్ లాంటి పొడుగు మాటల దగ్గర మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీట్ యు’ అని మెయిల్ పెట్టాను. తప్పా?
– ఒక ఉద్యోగార్థి, నంద్యాల రోడ్డు, కర్నూలు

జవాబు: తప్పే. ‘టు మీటింగ్ యు’ అనాలి. ఆ టు, ‘వాంట్ టు’లో ఉండే టు కాదు, ‘వెంట్ టు’లో ఉండే టు. దాని వెనక నామవాచకం ఉండాలి, క్రియ వస్తే ఇంగ్ తగిలించుకుని రావాలి.

ప్రశ్న: రెజ్యూమెలో ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021’ అని రాశాను. అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు చూసి, ‘ఎవరు నీళ్లు చల్లి లేపారు’ అని మెసేజ్ పెట్టాడు. ఎగతాళి దేనికో అర్థం కాలేదు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: అక్కడ పాస్ అవుట్ అంటే స్పృహ తప్పి పడిపోవడం. మీరు 2021లో మూర్ఛపోయానని రాసినట్టు చదువుకున్నాడు మీ అన్న. మన దేశంలో చదువు పూర్తిచేయడానికి ఈ మాట అందరూ వాడతారు, అర్థమూ అవుతుంది, సైన్యంలో ‘పాసింగ్ అవుట్ పరేడ్’ అనడం కూడా ఉంది, కాబట్టి మీరేదో ఘోరం చేశారని నేననను. కానీ రెజ్యూమె బయటి దేశాలకు పంపేదైతే ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021’ అని మార్చండి. కాలేజీ పేరు కూడా రాస్తుంటే దాని ముందు ఫ్రమ్ మర్చిపోకండి.