ఫార్వర్డ్ చేసినంత మాత్రాన నేరమవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. తోటి విద్యార్థిని ఫొటోను ఎవరో ఏఐ యాప్‌తో నగ్నంగా మార్చి వాట్సాప్ గ్రూపులో పెడితే, మావాడు దాన్ని మరో ఇద్దరికి పంపాడు. అమ్మాయి తండ్రి ఫిర్యాదు చేయడంతో స్టేషన్ నుంచి కబురొచ్చింది. ఫోన్ ఫార్మాట్ కొట్టించి, వాణ్ణి కొన్నాళ్లు మేనమామ ఊరికి పంపమని మా బావగారంటున్నారు. మైనర్ కదా ఏమీ కాదని కొందరు, జైలు తప్పదని కొందరు. సిమ్ నా పేరు మీద ఉంది. నా మీదా కేసు పెడతారా? పెద్దమనుషులతో వెళ్లి రాజీ పడొచ్చా? కావాలంటే ఆ ఫొటో మీకు పంపుతాను.
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ముందుగా, ఆ ఫొటో నాకు పంపకండి. సలహా కోసమైనా సరే, బంధువులకు చూపించడానికైనా సరే, ఎవరికీ పంపకండి. మీవాడి మీద వచ్చిన ఆరోపణ కూడా అదే కదా.

ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల్ని అశ్లీలంగా చూపే బొమ్మలు తయారుచేయడమే కాదు, వాటిని డౌన్‌లోడ్ చేసుకోవడం, ఇతరులకు పంపడం కూడా నేరమే. పెద్దవాళ్లయితే మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. ‘అది నిజం ఫొటో కాదు కదా, యాప్ చేసిందే కదా’ అన్న వాదన నిలవదు. ఇలా మార్చిన, కంప్యూటర్‌తో సృష్టించిన బొమ్మలను కూడా 2019 సవరణతో, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం పరిధిలోకి తెచ్చారు. అలాంటివి తొలగించకుండా, పోలీసులకు చెప్పకుండా ఫోన్‌లో ఉంచుకోవడం కూడా పరిస్థితులను బట్టి నేరమవుతుందని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

అలాగని మీవాడిని జైల్లో పెట్టరు. 18 ఏళ్లు నిండలేదు కాబట్టి 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. లాకప్‌లో ఉంచకూడదు, బేడీలు వేయకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. 16 దాటినవారిని పెద్దవాళ్లలా విచారించాలా అన్న ప్రశ్న కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్న నేరాలకే వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆ కోవలోకి రాదు. బోర్డు మందలించి వదిలేయవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, తల్లిదండ్రులతో జరిమానా కట్టించవచ్చు, అవసరమనుకుంటే స్పెషల్ హోమ్‌కూ (తప్పుచేసిన పిల్లలను ఉంచి సరిదిద్దే వసతి గృహం) పంపవచ్చు. కాబట్టి ‘ఏమీ కాదు’ అనేవాళ్ల మాట కూడా నమ్మకండి. రేపు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) సీటుకో, ఉద్యోగానికో ఇది అడ్డొస్తుందన్న బెంగ మాత్రం అక్కర్లేదు. బోర్డు తీర్పు కారణంగా ఏ అనర్హతా రాకూడదని 24వ సెక్షన్ చెబుతోంది.

ఫోన్ ఫార్మాట్ కొట్టించారో, అప్పుడు మీరు చిక్కుల్లో పడతారు. ఇప్పటివరకు సిమ్ మీ పేరున ఉన్నంత మాత్రాన మీరు నేరస్తులు కారు. సాక్ష్యం మాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద అది మీ నేరమవుతుంది. పైగా దానివల్ల ఒరిగేదేమీ లేదు. గ్రూపులో ఉన్న మిగతా పిల్లల ఫోన్లలో, మీవాడు పంపిన ఇద్దరి ఫోన్లలో ఆ మెసేజ్ తేదీతో సహా ఉంటుంది. ఫోన్ స్విచాఫ్ చేసి, ఇంట్లో ఎవరూ ముట్టుకోకుండా ఉంచండి. పోలీసులు అడిగినప్పుడు అప్పగించి, స్వాధీనం చేసుకున్నట్టు కాగితం తీసుకోండి. అబ్బాయిని ఊరు పంపించేస్తే దాచిపెట్టినట్టవుతుంది. మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, పదో తరగతి మెమో, ఆధార్ పట్టుకెళ్లండి. వయసు తేలేది మెమోతోనే, ఆధార్ గుర్తింపు కోసం మాత్రమే. పిల్లలతో పోలీసులు యూనిఫాం లేకుండా మాట్లాడాలి, ఏ వాంగ్మూలం మీదా అబ్బాయి చేత సంతకం పెట్టించకూడదు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

రాజీ సంగతి గట్టిగానే చెబుతాను. పోక్సో నేరాలు రాజీతో కొట్టేసుకునేవి కావు. పదిమంది పెద్దమనుషులు కారేసుకుని ఆ ఇంటి ముందు దిగితే, ఆ బిడ్డ పేరు వీధంతా తెలుస్తుంది. అది ఆమెకు రెండోసారి అన్యాయం చేయడమే. బాధిత బాలిక వివరాలు మీడియాలో బయటపెట్టడం పోక్సో 23వ సెక్షన్ కింద నేరం కూడా. ఒత్తిడి తెచ్చారని కొత్త ఫిర్యాదు వస్తే మీ అబ్బాయి కేసు ఇంకా బిగుస్తుంది. క్షమాపణ చెప్పాలన్న మనసు ఉంటే సంతోషం, ఆ మాట బోర్డు ముందు చెప్పించండి. వినాలో వద్దో ఆ అమ్మాయి ఇష్టం.

మీ ఉత్తరం నిండా మీ అబ్బాయి గురించే ఉంది, తండ్రిగా అది సహజం. కానీ ఆ ఫొటో ఇంకా ఎన్ని ఫోన్లలో తిరుగుతోందో తెలియక కాలేజీకి వెళ్లలేని ఆడపిల్ల ఒకరున్నారు. మీరు చేయగల మేలు ఒకటుంది. న్యాయవాదిని పక్కన పెట్టుకుని, ఎవరు పెట్టారో, తను ఎవరెవరికి పంపాడో అబ్బాయి చేత ఉన్నదున్నట్టు పోలీసులకు చెప్పించండి. ఆ ఇద్దరి పేర్లు ఎంత త్వరగా తెలిస్తే ఫొటో అంత త్వరగా ఆగుతుంది. తయారుచేసినవాడికి 18 దాటి ఉంటే అతని కేసు పోక్సో ప్రత్యేక కోర్టులో నడుస్తుంది, మీవాడిది మాత్రం బోర్డులోనే.