తుపాకిమందు కూరిన మజిల్‌లోడర్‌ని (మూతి వైపు నుంచి మందూ గుండూ కూరే తుపాకీని) చలి రాత్రి ఇంట్లోకి తేవచ్చా?

వెచ్చని గదిలోకి తేవద్దు, క్యాప్ (మందుని అంటించే చిన్న పేలుడు మూత) తీసేసి, పొడిగా, చల్లగా ఉండే చోట తాళం వేసి ఉంచితేనే గొట్టంలోని మందు తడవదు. బయట చల్లబడ్డ ఇనుముకి గదిలోని తేమగాలి తగిలితే నీరు పడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే, కాకపోతే ఇక్కడ ఆ చెమట గొట్టం లోపల, క్యాప్ పెట్టే నిపుల్ రంధ్రంలో కూడా పడుతుంది. మందు తడిస్తే తెల్లారి ట్రిగ్గర్ నొక్కినా పేలదు, లేదా ఆలస్యంగా పేలుతుంది. అసలు ప్రమాదం ఈ రెండోదే, కాబట్టి పేలకపోతే మూతిని సురక్షితమైన వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగాలి.

వెచ్చగా ఉంటే పొడిగా ఉంటుందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ఇంకోటి, క్యాప్ తీసినంత మాత్రాన తుపాకీ ఖాళీ అయినట్టు కాదు, మందూ గుండూ లోపలే ఉన్నాయి. ఒకసారి కాల్చాక శుభ్రం చేయకుండా మళ్లీ కూరి రాత్రంతా ఉంచకండి, నల్ల తుపాకిమందు మసి తేమని బాగా పీలుస్తుంది.