మ్యాక్ లేకుండా ఐఫోన్ యాప్: అప్పు చేసి కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

ప్రశ్న: ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్లు కూర్చుని, ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్‌లు చేసే ఫ్లట్టర్ నేర్చుకున్నాను. రెండు ఆండ్రాయిడ్ యాప్‌లు ప్లే స్టోర్‌లో పెట్టాను. ఇప్పుడు తెలిసిన ఫిట్‌నెస్ ట్రైనర్ ఒకరు తన క్లాసుల బుకింగ్ కోసం ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ చేసిపెట్టమని అడిగారు. ఆయన ఇస్తానన్న డబ్బు మా ఇంటి రెండు నెలల ఖర్చంత ఉంటుంది. నా దగ్గరున్నది 8 జీబీ ర్యామ్ విండోస్ ల్యాప్‌టాప్. ఐఫోన్ యాప్ చేయాలంటే మ్యాక్ ఉండి తీరాలంటున్నారు. మా పొదుపు మొత్తం కలిపి నాలుగు నెలల ఖర్చుకు వస్తుంది, కొత్త మ్యాక్‌బుక్ కొంటే అందులో సగానికి పైగా పోతుంది. 18 నెలల ఈఎంఐలో తీసుకోవాలా, స్నేహితుడు తక్కువకు ఇస్తానంటున్న 2017 మ్యాక్‌బుక్ ప్రో కొనాలా, లేకపోతే నా విండోస్ ల్యాప్‌టాప్‌లోనే మ్యాక్ ఓఎస్ ఎక్కించుకోవాలా? ఇంట్లో నా ఒక్కరి జీతమే.

జవాబు: ఈ మూడింటిలో ఏదీ వద్దు. మీరు చెప్పిన పని మ్యాక్ కొనకుండానే పూర్తవుతుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంట్లో నాలుగు నెలల పొదుపు అంటే అదేమీ మిగులు డబ్బు కాదు, ఉద్యోగం పోయినా ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా ఇల్లు గడిచేది దాంతోనే. దాన్ని ఒక మెషీన్‌లో పెట్టేశాక ట్రైనర్ గారు మనసు మార్చుకుంటే మీ చేతిలో ఖరీదైన ల్యాప్‌టాప్, రెండు నెలలకు కూడా చాలని పొదుపు మిగులుతాయి.

అసలు మ్యాక్ ఎక్కడ అవసరమో చూద్దాం, ఎందుకంటే ఖర్చు లెక్క మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. ఐఫోన్ యాప్‌ను తయారు చేసే ఎక్స్‌కోడ్ మ్యాక్ ఓఎస్ మీద మాత్రమే నడుస్తుంది, కంప్యూటర్ తెర మీదే ఐఫోన్‌లా నడిచే సిమ్యులేటర్ కూడా అంతే. కానీ మీరు రాసేది ఫ్లట్టర్ కదా, స్క్రీన్లు, బుకింగ్ క్యాలెండర్, లాగిన్, సర్వర్‌తో మాట్లాడే కోడ్ అన్నీ విండోస్‌లోనే రాసి మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే పరీక్షించుకోవచ్చు. ఆ కోడ్‌ను ఐఫోన్ యాప్‌గా బిల్డ్ చేసి (అంటే ఫోన్‌లో నడిచే రూపంలోకి మార్చి), అది ఎవరిదో తెలిపే డిజిటల్ సంతకం పెట్టి, యాపిల్‌కు పంపేటప్పుడు మాత్రం మ్యాక్ కావాలి. అది రోజంతా చేసే పని కాదు, చాలా యాప్‌లకు ఒక్కోసారి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఆ నిమిషాలు అద్దెకు దొరుకుతాయి.

ఇంటర్నెట్ మీదే తన మ్యాక్‌లలో మీ యాప్ బిల్డ్ చేసిపెట్టే కోడ్‌మ్యాజిక్ అనే సర్వీసు ఉంది, మొదట్లో ఫ్లట్టర్ కోసమే వచ్చింది. వ్యక్తిగత ఖాతాకు నెలకు 500 మ్యాక్ బిల్డ్ నిమిషాలు ఉచితంగా ఇస్తోంది. ఒక్కో బిల్డ్‌కు 20 నిమిషాలు వేసుకున్నా నెలకు 25 బిల్డ్‌లు, అంటే దాదాపు రోజుకొకటి. ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు పని చేసే మనిషికి ఇది తక్కువేమీ కాదు. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు వాళ్ల బిల్డ్ సర్వీసు గిట్‌హబ్ యాక్షన్స్‌లోనూ మ్యాక్ దొరుకుతుంది గానీ అక్కడ మ్యాక్ నిమిషం లైనక్స్ నిమిషం కంటే చాలా ఖరీదు, ప్రైవేట్ ప్రాజెక్టుకు వాడే ముందు లెక్క చూసుకోండి. యాపిల్ డెవలపర్ సభ్యత్వంలోనే ఎక్స్‌కోడ్ క్లౌడ్ పేరుతో నెలకు 25 గంటలు కలిపి ఇస్తారు, కాకపోతే ఫ్లట్టర్‌కు అందులో అదనంగా స్క్రిప్టు రాసుకోవాలి, మొదటి ప్రాజెక్టుకు ఆ తలనొప్పి అక్కర్లేదు. ఈ ఉచిత కోటాలు మారుతూ ఉంటాయి, మొదలుపెట్టే రోజు ధరల పేజీ ఒకసారి తెరిచి చూడండి, కార్డు ఇస్తే ఖర్చు పరిమితి పెట్టుకోవడం మరిచిపోకండి.

పని ఎలా నడుస్తుందంటే, మీరు రాత్రి కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌లోకి పుష్ చేస్తారు (అంటే పంపుతారు), ఎక్కడో ఒక మ్యాక్ లేచి దాన్ని తీసుకుని బిల్డ్ చేసి, స్టోర్‌లో పెట్టకముందే యాప్‌ను పరీక్షించే యాపిల్ సర్వీసు టెస్ట్‌ఫ్లైట్‌కు పంపుతుంది, ట్రైనర్ గారి ఐఫోన్‌లో కొత్త వెర్షన్ వచ్చినట్టు నోటిఫికేషన్ వస్తుంది. మొదటిసారి మాత్రం ఇంత సాఫీగా జరగదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. యాప్‌కు గుర్తింపు పేరైన బండిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉన్నా, యాపిల్ ఇచ్చే అనుమతి ఫైలైన ప్రొవిజనింగ్ ప్రొఫైల్ సరిపోలేదని పదిహేను నిమిషాల తర్వాత ఎర్ర అక్షరాల్లో వస్తుంది. మీరు సరిదిద్ది మళ్లీ పంపుతారు, మళ్లీ పదిహేను నిమిషాలు. ఇంకోటి, కెమెరా ఎందుకు వాడుతున్నారో యాప్ వివరాలుండే ఇన్ఫో ప్లిస్ట్ ఫైల్లో ఒక వాక్యం రాయకపోతే ఆండ్రాయిడ్‌లో చక్కగా పనిచేసిన ప్రొఫైల్ ఫొటో బటన్ ఐఫోన్‌లో నొక్కగానే యాప్ మూసుకుపోతుంది. మీ ఎదురుగా మ్యాక్ ఉంటే ఇది నిమిషంలో తేలిపోయేది, క్లౌడ్‌లో ఒక సాయంత్రం తినేస్తుంది. కాబట్టి ఈ దారిలో డబ్బు మిగులుతుంది గానీ సమయం పోతుంది. మొదటి రెండు వారాలు ఆ డిజిటల్ సంతకానికి కావాల్సిన సర్టిఫికెట్లకే పోయాయనిపిస్తే టెన్షన్ పడకండి, ఆ సెటప్ ఒకసారి కుదిరితే తర్వాత దాని జోలికి పెద్దగా పోనక్కర్లేదు.

నిజంగా మ్యాక్ ముందు కూర్చోవాల్సిన పని కూడా ఒకటో రెండో రోజులు తగులుతుంది, ఆ ఎర్ర అక్షరాలకు కారణం ఎంతకీ అంతుపట్టనప్పుడు. అప్పుడు క్లౌడ్‌లో పూర్తి మ్యాక్ అద్దెకు తీసుకోవచ్చు, అమెజాన్ 2020 చివరి నుంచి ఇస్తోంది, ఇంకా చిన్న కంపెనీలూ ఉన్నాయి. ఇక్కడ చాలామంది ఒక విషయం గమనించరు. యాపిల్ లైసెన్స్ ప్రకారం ఇలాంటి అద్దె కనీసం 24 గంటలు ఉండాలి, అమెజాన్‌లో అయితే గంట వాడినా 24 గంటల దాకా బిల్లు నడుస్తూనే ఉంటుంది. రోజూ రాత్రి గంటసేపు తీసుకుంటే ఆ గంటకు పూర్తి రోజు అద్దె కడతారు. అందుకని మ్యాక్‌తో తేల్చుకోవాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుని, శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం పొద్దుటికి ముగించేలా ఒకే రోజుకు సర్దండి.

ఇక మీరు అడిగిన మూడు దారులు. స్నేహితుడి 2017 మ్యాక్‌బుక్ ప్రో ఊరికే ఇచ్చినా ఈ పనికి వద్దనే అంటాను. అధికారికంగా అది వెంచురా అనే పాత మ్యాక్ ఓఎస్ దగ్గరే ఆగిపోయింది. యాప్ స్టోర్‌కు పంపే యాప్‌లు కొత్త ఎక్స్‌కోడ్‌తోనే తయారవ్వాలని యాపిల్ ఏటా గీత జరుపుతూ పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఎక్స్‌కోడ్ 16 తప్పనిసరి చేశారు, 2026 ఏప్రిల్ నుంచి ఎక్స్‌కోడ్ 26. ఈ ఎక్స్‌కోడ్ 26 నడవాలంటే మ్యాక్ ఓఎస్ సెకోయా 15.6 అయినా ఉండాలి, 2017 మెషీన్‌కు సెకోయా రాదు. అంటే డబ్బు పెట్టి కొని, దాంతో తయారు చేసిన యాప్‌ను స్టోర్‌లో పెట్టలేని పరిస్థితి. ఇంకాస్త కొత్త ఇంటెల్ మ్యాక్ చవగ్గా దొరికినా ఆగండి, 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టహో తర్వాత ఇంటెల్ మ్యాక్‌లకు కొత్త ఓఎస్ ఉండదని యాపిల్ చెప్పేసింది. సెకండ్ హ్యాండ్ కొనాల్సి వస్తే యాపిల్ సొంత చిప్ ఎం1 గానీ ఆ తర్వాతిది గానీ ఉన్నదే చూడండి. బ్యాటరీ బాలేకపోతే బేరమాడవచ్చు, చిప్ పాతదైతే ఎంత బేరమాడినా లాభం లేదు.

విండోస్ ల్యాప్‌టాప్‌లో మ్యాక్ ఓఎస్ ఎక్కించడం గురించి సూటిగా చెబుతాను. యాపిల్ తయారు చేసిన కంప్యూటర్ మీద మాత్రమే దాన్ని నడపాలని లైసెన్స్‌లో ఉంది. సరదాకు చేసుకునేవాళ్ల సంగతి వేరు, మీరు డబ్బు తీసుకుని వేరేవాళ్ల యాప్ చేస్తున్నారు. ఎవరో ఎక్కడో పెట్టిన ఓఎస్ ఫైల్ దించుకుని అందులో క్లయింట్ యాప్‌కు సంతకం పెట్టే డిజిటల్ తాళాలు, మీ ఖాతా పాస్‌వర్డ్‌లు పెట్టడమంటే ఇంటి తాళం గుత్తి ముక్కూ మొహం తెలియనివాడి చేతికి ఇచ్చినట్టే. అదీ కాక 8 జీబీ ర్యామ్‌తో అది నత్తనడకే నడుస్తుంది.

ఈఎంఐ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రెండు నెలల ఖర్చంత ఆదాయం ఒకే ఒక్కసారి వచ్చే పనికి 18 నెలల బాకీ తలకెత్తుకోవడం పొంతన లేని పని. వడ్డీ లేదన్నా సరే, నగదు ధరలో వచ్చే తగ్గింపు పోయిందా, ప్రాసెసింగ్ ఫీజు పడిందా అని చూడండి, సాధారణంగా వడ్డీ అక్కడే దాక్కుని ఉంటుంది. ట్యాక్స్‌లో ఖర్చుగా చూపించుకోవచ్చని ఎవరైనా చెబితే, వంద ఖర్చు పెడితే ట్యాక్స్‌లో తగ్గేది అందులో కొంత భాగమేనని గుర్తుంచుకోండి, మిగతాది మీ జేబులోంచే పోతుంది.

మ్యాక్ లేకపోయినా తప్పని ఖర్చులు కొన్ని ఉన్నాయి, వాటిని ముందే లెక్కలోకి తీసుకోండి. యాపిల్ డెవలపర్ ప్రోగ్రామ్ ఏడాదికి 99 డాలర్లు, ఏటా కట్టాలి, మానేస్తే యాప్ స్టోర్‌లోంచి పోతుంది. గూగుల్‌కు 25 డాలర్లు ఒక్కసారి కడితే సరిపోతుంది, అది మీరు ఇప్పటికే కట్టేశారు. ఐఫోన్ లేకుండా ఐఫోన్ యాప్ అప్పగించకూడదు, అది నా గట్టి అభిప్రాయం. ఈ ప్రాజెక్టుకు ట్రైనర్ గారి ఫోన్‌తో, ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరి ఫోన్లతో సరిపెట్టుకోవచ్చు, టెస్ట్‌ఫ్లైట్‌లో బయటివాళ్లు 10,000 మంది దాకా పరీక్షించవచ్చు, ఒక్కో బిల్డ్ 90 రోజులు పనిచేస్తుంది. రెండో ప్రాజెక్టు వచ్చేసరికి మాత్రం తాజా ఐఓఎస్ ఇంకా వచ్చే పాత ఐఫోన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి, మ్యాక్ కంటే ముందు కొనాల్సింది అదే. ఇంకా ఏమైనా ఖర్చు పెట్టాలనిపిస్తే మీ ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచే వీలుందో లేదో చూసి 16 జీబీ చేయించుకోండి. మ్యాక్ ధరలో అది చాలా చిన్న భాగం, రోజూ రాత్రి మీకు కనిపించే తేడా.

మరి మ్యాక్ ఎప్పుడు కొనాలి? నేనైతే రెండు షరతులు పెడతాను, రెండూ కలిసి నిజమవ్వాలి. ఒకటి, యాప్ పనుల మీద వచ్చిన డబ్బును జీతంలో కలపకుండా వేరే ఖాతాలో వేస్తూ పోండి, అందులో ఖర్చులూ ట్యాక్సూ పోగా మిగిలింది మెషీన్ ధరకు చేరాలి, ఇంటి పొదుపు ఒక్క రూపాయి కూడా కదలకూడదు. రెండు, బిల్డ్ కోసం ఎదురుచూస్తూ, క్లౌడ్‌లో తప్పులు వెతుకుతూ వారానికి ఎన్ని గంటలు పోతున్నాయో ఒక నెల రాసుకోండి. వారానికి ఏడెనిమిది గంటలు దాటుతుంటే, ఆ గంటల్లో చేయగలిగిన పని డబ్బు రూపంలో మీ ముందు ఉంటే, అప్పుడు మ్యాక్ దండగ ఖర్చు కాదు, వెనకాడకండి. అప్పుడైనా ల్యాప్‌టాపే కావాలని లేదు, స్క్రీనూ కీబోర్డూ మీ దగ్గర ఉంటే మ్యాక్ మినీ బాగా తక్కువలో పడుతుంది. 2024 చివర్లో వచ్చిన ఎం4 మినీకి అన్నిటికంటే చవకైన మోడల్‌లోనే 16 జీబీ ర్యామ్ ఇచ్చారు. స్టోరేజీలో మాత్రం పిసినారితనం వద్దు, ఎక్స్‌కోడ్, సిమ్యులేటర్లు కలిపి పదుల జీబీలు తినేస్తాయి. బ్లూటూత్ పరికరాలు, వాచ్ యాప్, హోమ్ స్క్రీన్ విడ్జెట్ లాంటి పనులు ఒప్పుకుంటే ఈ షరతులు త్వరగానే నిజమవుతాయి, ఎందుకంటే వాటిలో యాపిల్ సొంత ప్రోగ్రామింగ్ భాష స్విఫ్ట్‌లో రాయాల్సిన భాగం చాలా ఉంటుంది, క్లౌడ్ బిల్డ్‌లతో నెట్టుకురావడం నరకం. క్లాసుల బుకింగ్ యాప్‌లో అలాంటివేవీ లేవు.

చివరిగా ట్రైనర్ గారితో ఒప్పందం. మీ డబ్బుకు అసలు రక్షణ ఇక్కడే ఉంది, మీరు దీని గురించి అడగనే లేదు. యాపిల్ డెవలపర్ ఖాతా ఆయన పేరు మీదే తెరిపించి, 99 డాలర్లు ఆయన చేతే కట్టించి, మిమ్మల్ని అందులో సభ్యుడిగా చేర్చమనండి. వ్యక్తిగత ఖాతాలో కూడా, యాప్‌లను స్టోర్‌లో పెట్టే యాపిల్ సైటు యాప్ స్టోర్ కనెక్ట్‌కు వేరేవాళ్లను చేర్చవచ్చు, సర్టిఫికెట్ల పని మాత్రం ఖాతాదారు ఆయనే కాబట్టి ఆయన పక్కన కూర్చుని ఒకసారి చేయించుకోవాలి. యాప్ ఎవరి వ్యాపారానిదో వాళ్ల ఖాతాలోనే ఉంటే రేపు ఏటేటా ఫీజు ఎవరు కట్టాలన్న గొడవ రాదు. అడ్వాన్సుగా మూడో వంతు అడగండి, అది వచ్చాకే ఐఫోన్ వైపు పని మొదలుపెట్టండి, క్లౌడ్ అద్దె ఏమైనా పడితే అందులోంచే కట్టండి. రెండో వాయిదా టెస్ట్‌ఫ్లైట్‌లో యాప్ ఆయన ఫోన్‌లో తెరుచుకున్న రోజుకు, మిగతాది స్టోర్‌లో ఆమోదం వచ్చాక. యాపిల్ రివ్యూలో ఒకసారి తిప్పి పంపడం మామూలే కాబట్టి తేదీ చెప్పేటప్పుడు రెండు వారాలు ఎక్కువే చెప్పండి. స్టోర్‌లోకి వెళ్లాక ఎన్ని నెలల దాకా ఉచితంగా సరిదిద్దుతారు, కొత్త ఐఓఎస్ వచ్చినప్పుడు చేసే మార్పులకు ఎంత తీసుకుంటారు అన్నది కూడా మెసేజ్‌లోనైనా సరే రాతపూర్వకంగా ఉంచుకోండి.