కొరియన్ ‘నా’కీ మన ‘నా’కీ చుట్టరికం ఉందా?

“కొరియన్‌లో ‘నా’ అంటే ‘నేను’ అట. తెలుగు ‘నా’కి ఇంత దగ్గరగా ఉందంటే రెండూ ఒకే కుటుంబం భాషలా? ఈ చిన్న మాట ఇంకా ఏయే భాషల్లో ఉంది?” అని అడిగారు.

ముందు రెండో ప్రశ్న అందుకుంటాను, ఎందుకంటే మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

నేను రకరకాల దేశాల వాళ్లున్న టీమ్‌లో పనిచేస్తాను. పక్కవాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకుంటుంటే నా చెవులు అటే ఉంటాయి. మర్యాద కాదని తెలుసు, కానీ ఆగదు. అలా వింటున్నప్పుడు అన్నిటికంటే ఎక్కువగా తగిలిన శబ్దం ఈ ‘నా’.

రష్యన్ మాట్లాడే సహోద్యోగిని ఒకసారి ఛార్జర్ అడిగాను. చేతికందిస్తూ “నా!” అంది. ఇచ్చేది ఇస్తూనే నాది అంటుందేంటి అనుకున్నాను. రష్యన్‌లో ఏదైనా చేతికిస్తూ ‘నా’ అంటే ‘ఇదిగో, తీసుకో’ అని. ‘మీరు’ అనాల్సిన వాళ్లకైతే ‘నాతె’ అవుతుంది, మనం ‘ఇదిగో’ని ‘ఇదిగోండి’ చేసినట్టు. అదే భాషలో ఇంకో ‘నా’ ఉంది, దానికి ‘మీద’ అని అర్థం. ‘నా స్తల్యే’ అంటే బల్ల మీద. ఈ రెండో ‘నా’కి ఇంగ్లీషు ‘ఆన్’, గ్రీకు ‘అనా’ దూరపు చుట్టాలు. చూడ్డానికి పోలికే లేదు, అయినా చుట్టాలే.

హిందీ సంగతి చాలామందికి తెలిసిందే. ‘నా జావో’ అంటే వెళ్లొద్దని. అదే ‘నా’ని చివరికి తోసి ‘జావో నా’ అంటే, వెళ్లొచ్చు కదా అని బతిమాలడం. జపనీస్‌లో ఇది తిరగబడుతుంది. ‘ఇకు’ అంటే వెళ్లడం, దాని చివర ‘నా’ తగిలించి ‘ఇకు నా’ అంటే వెళ్లొద్దని గట్టిగా చెప్పడం. హిందీలో వాక్యం చివర బుజ్జగించే మాట జపనీస్‌లో అదే చోట గదమాయిస్తుంది. జపనీస్‌లో ‘పేరు’ని కూడా ‘నా’ అనే అంటారు, అది వేరే మాట.

చైనీస్‌లో గొంతు ఎటు కదిలిందన్నదే అసలు విషయం. గొంతు పైకి లేపుతూ ‘నా’ అంటే పట్టుకోవడం, తీసుకోవడం. కిందికి దించి మళ్లీ లేపితే ‘ఏది’. పైనుంచి కిందికి కొడితే ‘అది’. నేర్చుకునేవాళ్లకి ‘ఏది’, ‘అది’ దగ్గర పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

నాకు బాగా నచ్చింది మాత్రం తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ. అక్కడ ‘నా’ అంటే ‘తో’, ‘మరియు’. ‘మిమి నా వెవె’ అంటే నేనూ నువ్వూ. ‘కలిగి ఉండు’ అనడానికి కూడా ఇదే మాటని వాడేస్తారు. ‘నినా కితాబు’ అంటే నా దగ్గర పుస్తకం ఉంది. విడదీస్తే ‘ని’ అంటే నేను, ‘నా’ అంటే తో, అంటే ‘నేను పుస్తకంతో’ అన్నమాట. మనం ‘నా దగ్గర ఉంది’ అని సరిపెట్టుకున్నట్టే వాళ్లు ‘తో’తో సరిపెట్టుకున్నారు.

ఇంకా చాలా ఉన్నాయి. పోర్చుగీసులో స్త్రీలింగ పదాల ముందు ‘లో’ అని చెప్పడానికి, ఫిలిప్పీన్స్ వాళ్ల తగాలోగ్‌లో ‘ఇప్పటికే’ అనడానికి, జర్మన్‌లో ‘ఊఁ, ఏంటి సంగతి?’ అని పలకరించడానికి కూడా ‘నా’నే. మన తెలుగులోనే ‘ఎవరొచ్చినా’ చివర వినిపించే ‘నా’ వేరు, నెల్లూరు, రాయలసీమ వైపు ‘ఏంనా’లో ‘అన్నా’ అరిగి మిగిలిన ‘నా’ వేరు.

ఇన్ని చోట్ల ఎందుకు తగులుతుందంటే, ‘న’, ‘ఆ’ దాదాపు ప్రతి భాషలోనూ ఉన్న శబ్దాలు. పైగా ఎక్కువగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయి. జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1930లలోనే లెక్కలు కట్టి చూపించిన సంగతే ఇది. ‘నేను’, ‘లో’, ‘వద్దు’, ‘అది’ లాంటివి రోజూ నలిగే మాటలు. ప్రపంచంలో సుమారు 7,000 భాషలున్నాయి. వాటన్నిటిలో ఇలాంటి మాటలు కొద్దిపాటి శబ్దాల్నే పంచుకోవాలి. ఢీకొనకపోతేనే వింత.

ఇక కొరియన్. పోలిక మీరు చెప్పినదానికంటే ఇంకా ఊరిస్తుంది. ‘నా’ అంటే నేను, ‘నేనా’ అన్నప్పటి ‘నే’కి దగ్గరగా పలికితే ‘నా యొక్క’. ‘నీ యొక్క’ కూడా రాతలో వేరైనా పలకడంలో దాదాపు ‘నే’యే. ‘అవును’ కూడా ‘నే’యే. అందుకే మాటల్లో ‘నీ యొక్క’ని ‘ని’ అనేస్తారు. తెలుగువాడికి ‘నీ’ అని వినపడగానే ఒళ్లు పులకరిస్తుంది. అమ్మని ‘ఒమ్మా’, నాన్నని ‘అప్పా’ అంటారు కూడా. ఇలాంటి పోలికలు చూసి హోమర్ హల్బర్ట్ అనే మిషనరీ 1905లోనే కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోల్చి ఒక వ్యాకరణం రాశాడు. ఈనాటి భాషావేత్తలు ఆ వాదాన్ని ఒప్పుకోరు.

కారణం సులువే. చుట్టరికం నిజమైతే వెనక్కి వెళ్లేకొద్దీ పోలిక పెరగాలి. మనం వెనక్కి వెళ్తే ఏమవుతుంది? నన్నయ భారతంలో ‘నేను’కి ‘ఏను’ కనిపిస్తుంది. పాత తమిళంలో ‘యాన్’. ‘నా పేరు’ అనడానికి తమిళులు ఇవాళ్టికీ ‘ఎన్ పేరు’ అంటారు. తోబుట్టువు లాంటి తమిళంలోనే వెనక్కి వెళ్తే ‘నా’ కనపడనప్పుడు, కొరియన్‌లో కనపడిందని సంబరపడడంలో అర్థం లేదు.

అసలు చుట్టరికం ఎలా ఉంటుందో చూడాలంటే బ్రాహుయీ చూడండి. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మాట్లాడతారు, ద్రావిడ భాషే. తమిళంలో కంటిని ‘కణ్’ అంటే అక్కడ ‘ఖన్’. రాయిని తమిళంలో ‘కల్’ అంటే అక్కడ ‘ఖల్’. ఒక్క మాట కలవడం కాదు, ఇక్కడ ‘క’ ఉన్న చోట అక్కడ ‘ఖ’ లాంటి శబ్దం వరసగా వస్తోంది. కొరియన్‌తో అలాంటి వరస ఇప్పటిదాకా ఎవరికీ కుదర్లేదు.